బిజినెస్ లా పేపర్లో మా నాన్న ఒప్పందం ఎక్కడుంది?

వెయ్యి రూపాయల విలువైన గుర్రాన్ని ‘ఎ’ పది రూపాయలకే అమ్మడానికి ఒప్పుకున్నాడు. అతని సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదే. ఈ ఒప్పందం చెల్లుతుందా? చెల్లుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 25వ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణ ఇది. బీకాంలో మా లెక్చరర్ బోర్డు మీద రాస్తే నేనూ నోట్సులో దించుకున్నాను. పరీక్షలో రాస్తే మార్కులూ పడ్డాయి.

ఆ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మా నాన్న అడిగాడు, ఏం చదువుతున్నావని. కాంట్రాక్టు అంటే ఇద్దరు మనుషులు ఇష్టపడి చేసుకునే ఒప్పందమని చెప్పాను. ఆయన పటేల్ దగ్గర ఏళ్లపాటు జీతం ఉన్న మనిషి. కాసేపు ఆలోచించి, “ఇష్టం ఏడిది బిడ్డా, అప్పుండె గద” అన్నాడు. ఆ మాటకు నా నోట్సులో జవాబు లేదు. ఇప్పుడు పరిశోధన చేస్తూ వెనక్కి చూస్తే, జవాబు చట్టంలోనే ఉందనీ, మా సిలబస్‌లో మాత్రమే లేదనీ అర్థమవుతోంది.

బీకాం, బీబీఏ చదివే దళిత, ఆదివాసీ విద్యార్థుల్లో చాలామంది ఇంట్లో మొదటి తరం డిగ్రీవాళ్లు. వాళ్లకు ఈ పేపరు సెక్షన్ల నంబర్లు బట్టీ పట్టే పేపరుగానే మిగులుతోంది. కాంట్రాక్టు చట్టం, వస్తు విక్రయ చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం, కంపెనీల చట్టం, చివర్లో ఎథిక్స్ మీద కాస్త. ఇందులో ‘ఎ’కి, ‘బి’కి కులం ఉండదు, ఊరు ఉండదు, అప్పు ఉండదు. కులం వల్ల ఒప్పందాలు ఎలా వంకరపోతాయో చెప్పే చట్టాలు వేరే ఎక్కడో ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎలా చదవొచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాబాసాహెబ్ చెప్పిన సబ్జెక్టు

ఈ సబ్జెక్టు మనకు పరాయిది కాదు. 1925 నుంచి 1928 వరకు డాక్టర్ అంబేడ్కర్ బొంబాయిలోని ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా మర్కంటైల్ లా బోధించారు. మహద్ చెరువు సత్యాగ్రహం జరిగింది ఆ కాలంలోనే, 1927లో. వ్యాపార న్యాయం పాఠాలు చెబుతున్న మనిషే, నీళ్లు తాగే హక్కు అడిగినందుకు ఊళ్లు అంటరానివాళ్ల మీద ఎలా కక్ష కడతాయో కళ్లారా చూశారు.

1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఆయన సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించాలని ప్రతిపాదించారు. పని ఇవ్వకపోవడం, కూలికి రాకపోవడం, వ్యాపారం చేయకపోవడం, ఇల్లూ భూమీ అద్దెకు ఇవ్వకపోవడం వంటివి బహిష్కరణ కిందికి వస్తాయని నిర్వచనం కూడా ఇచ్చారు. ఒప్పందం చేసుకోవడానికి నిరాకరించడం కూడా ఆయుధం కాగలదని ఆయన గుర్తించారు.

స్వేచ్ఛా సమ్మతి: ఎవరి స్వేచ్ఛ?

కాంట్రాక్టు చట్టం 14వ సెక్షన్ ప్రకారం నిర్బంధం, అనుచిత ప్రభావం, మోసం వంటివి లేనప్పుడే సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినట్టు. 15వ సెక్షన్‌లో నిర్బంధం అంటే ప్రధానంగా శిక్షాస్మృతి నిషేధించిన పని చేయడం లేదా చేస్తానని బెదిరించడం. “నా షరతుకు ఒప్పుకోకపోతే మీ వాడకు పని బంద్” అన్న బెదిరింపు అట్రాసిటీ చట్టం కింద నేరం. కానీ 15వ సెక్షన్‌లో ఆ చట్టం పేరు లేదు. అప్పుడు 16వ సెక్షన్‌కు వెళ్లాలి. ఒకరి ఇష్టాన్ని శాసించగల స్థితిలో ఉన్న మనిషి ఆ స్థితిని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే అది అనుచిత ప్రభావం. ఒప్పందం చూడగానే అన్యాయంగా కనిపిస్తే, ప్రభావం వాడలేదని రుజువు చేసుకోవాల్సింది పైచేయి ఉన్నవాడే.

క్లాసుల్లో చెప్పే పాత కేసుల్లో రంగనాయకమ్మ కేసు ఒకటి. 1889లో మద్రాసు హైకోర్టు తీర్పు అది. దత్తతకు ఒప్పుకునేదాకా భర్త శవాన్ని బంధువులు కదలనివ్వలేదు. వితంతువైన ఆ పదమూడేళ్ల పిల్ల ఒప్పుకుంది. ఆ సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కాదని కోర్టు దత్తతను కొట్టేసింది. శ్మశానానికి దారి లేని పల్లెల గురించి తెలిసినవాళ్లకు ఈ కేసు వేరేలా వినిపిస్తుంది. దారి మూసి తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని 1889లోనే ఒక కోర్టు చెప్పింది.

గుర్రం ఉదాహరణ పక్కనే చట్టం మరో ఉదాహరణ కూడా ఇచ్చింది. అదే ‘ఎ’ తన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కాదని అంటే, ధర అంత తక్కువగా ఉండటాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవాలి. మా క్లాసులో మొదటి ఉదాహరణే చెప్పారు.

అప్పు, జీతం, వెట్టి

మా నాన్న ప్రశ్నకు సూటి జవాబు 1976 నాటి వెట్టి కార్మిక వ్యవస్థ నిర్మూలన చట్టంలో ఉంది. వెట్టి రూపాల పేర్లు ఆ చట్టమే జాబితాగా ఇచ్చింది. అందులో జీతం ఉంది, పాలేరు ఉంది, భగేలా ఉంది, వెట్టి ఉంది. మన ఊళ్ల మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కాయి.

ఆ చట్టం 5వ సెక్షన్ ప్రకారం, వెట్టి చేయించే ఏ ఆచారమైనా, ఏ కాంట్రాక్టు అయినా చెల్లదు. 6వ సెక్షన్ ప్రకారం వెట్టి అప్పు రద్దయిపోయినట్టే. 15వ సెక్షన్ మరీ ముఖ్యం. ఇది వెట్టి అప్పు అని కార్మికుడు అంటే, కాదని రుజువు చేయాల్సిన భారం అప్పిచ్చినవాడి మీదే పడుతుంది. జిల్లా విజిలెన్స్ కమిటీలో ఆ జిల్లాకు చెందిన ముగ్గురు ఎస్సీ, ఎస్టీ సభ్యులను కలెక్టర్ నియమించాలి. మీ జిల్లాలో ఆ ముగ్గురు ఎవరో సమాచార హక్కు కింద అడిగి చూడండి. ఇటుక బట్టీల సీజన్ మొదలయ్యేలోపు అడిగితే మరీ మంచిది.

దీనికి తోడు 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. ఆకలి, పేదరికం వల్ల కనీస వేతనం కంటే తక్కువకు పని చేయాల్సి రావడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు పనేనని ఆ తీర్పు చెప్పింది. ఆ అధికరణ ప్రైవేటు యజమానులకూ వర్తిస్తుంది. అంటే గుర్రం విషయంలో చెల్లిన లెక్క మనిషి శ్రమ దగ్గర చెల్లదు.

ఒప్పందం నిరాకరించడం నేరమెప్పుడు?

ఎవరితో వ్యాపారం చేయాలో ఎవరి ఇష్టం వాళ్లదని కాంట్రాక్టు పాఠం చెబుతుంది. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం దానికి హద్దు గీసింది. ఆర్థిక బహిష్కరణను నిర్వచిస్తూ, వ్యాపారం చేయడానికి నిరాకరించడం, ప్రతిఫలానికి సేవలందించే కాంట్రాక్టు అవకాశాలు ఇవ్వకపోవడం, మామూలు వ్యాపార క్రమంలో అందరికీ ఉండే షరతులను వీళ్లకు మాత్రం నిరాకరించడం అందులో చేర్చింది. ‘ప్రతిఫలం’, ‘కాంట్రాక్టు’, ‘వ్యాపార క్రమం’ అన్నీ బిజినెస్ లా మాటలే. ఎస్సీ, ఎస్టీల మీద అలాంటి బహిష్కరణ విధించినా, విధిస్తామని బెదిరించినా 3(1)(జడ్‌సి) సెక్షన్ కింద నేరం.

1991లో చుండూరు ఊచకోతకు ముందు దళితులకు పని ఇవ్వకుండా వెలివేశారు. 2017లో గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తర్వాత పొలం పనులు ఆగిపోయాయి. ఇలాంటి ఘటనల్లో ఫిర్యాదు రాసేటప్పుడు ఏ ఆసామి ఏ తేదీన ఏ పని ఆపాడు, అదే పని ఎవరికి ఇచ్చాడు, కూలి ఎంత అన్న వివరాలే కేసుకు బలం. ఆ లెక్క రాయగలిగేది బీకాం చదివిన మన పిల్లలే.

ఎథిక్స్ యూనిట్‌లో లేనివి

ఎథిక్స్ అనగానే సీఎస్ఆర్ చెబుతారు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. బడికి బల్లలు కొనిచ్చిన కంపెనీ డ్రైనేజీలోకి ఎవరిని దింపుతోంది అన్న ప్రశ్న మాత్రం ఆ యూనిట్‌లో రాదు. పాకీ పని నిషేధ చట్టం 2013 ప్రకారం, అంతకుముందు మనుషులతో ఆ పని చేయించడానికి రాసుకున్న కాంట్రాక్టులన్నీ చెల్లకుండా పోయాయి. చట్టవిరుద్ధ ఉద్దేశం గురించి చెప్పే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? మురుగు కాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

సెబీ నిబంధనల ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే బాధ్యతా నివేదిక ఇవ్వాలి. అందులో ఉద్యోగుల్లో ఆడవాళ్లు ఎందరు, వికలాంగులు ఎందరు అన్న లెక్క ఉంటుంది. కులం లెక్కకు గడి లేదు. మరోవైపు, 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానం కింద కేంద్ర శాఖలు, సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న లక్ష్యం ఉంది. వ్యాపారం పెట్టాలనుకునే విద్యార్థికి ఇది చెప్పకుండా ఏ బిజినెస్ పేపరు పూర్తవుతుంది?

విద్యార్థులకు ఒక మాట

సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు. స్వేచ్ఛా సమ్మతి మీద వ్యాసం రాయమంటే రంగనాయకమ్మ కేసుతో పాటు 1976 చట్టాన్నీ రాయండి. ప్రాజెక్టు వర్క్ ఉంటే మీ ఊళ్లో ఒక కౌలు ఒప్పందాన్నో, ఒక బట్టీ అడ్వాన్సునో తీసుకుని ఈ సెక్షన్లతో పోల్చి చూడండి. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు సిలబస్ మార్పు కోసం వినతిపత్రం ఇచ్చే విద్యార్థి సంఘాలు వెట్టి నిర్మూలన చట్టం, ఆర్థిక బహిష్కరణ సెక్షన్ ఈ పేపర్లో చేర్చాలని అడగండి.

నిరుడు ఊరికి వెళ్లినప్పుడు ఆ 15వ సెక్షన్ గురించి మా నాన్నకు చెప్పాను. అప్పు నిజమో కాదో పటేలే రుజువు చేయాలా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, “ఈ ముచ్చట అప్పుడు ఎవరన్న జెప్తే మంచిగుండు” అన్నాడు.