గృహ నిర్వాహకులకు శిక్షణము

బాలానగరమున 1968వ సంవత్సరమునందు కేంద్ర ప్రభుత్వమువారు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమముయొక్కయు అంతర్జాతీయ కార్మిక సంస్థయొక్కయు తోడ్పాటుతో, పనిముట్ల రూపకల్పనను నేర్పుటకు ఒక శిక్షణాలయమును స్థాపించిరి. అచ్చు చెక్కువాడు వెండ్రుకవాసి తప్పినచో వస్తువంతయు చెడును గనుక, వానికి చదువు కావలయునని ఆనాడే గుర్తించిరి. మంచిదే. కాని ఆ శిక్షణాలయమునకు కూతవేటు దూరమున నిలిచియున్న అపార్టుమెంటులలో నలువదేసి కుటుంబముల నీరును, దీపమును, లిఫ్టును, ఒక్కొక్కప్పుడు ప్రాణములను గూడ కాపాడవలసినవానికి మాత్రము ఏ చదువును అక్కఱలేదని మనము నిశ్చయించుకొని కూర్చున్నాము. 2017 నవంబరులో మెట్రో రైలు, 2021 జూలైలో పై వంతెన వచ్చిన పిదప ఆ ప్రాంతమున నేల వెల పెరిగినది. ఇండ్లు పడగొట్టి అంతస్తులు లేపుచున్నారు. లేచిన అంతస్తులను నడుపువారెవరని అడిగినవారు లేరు.

ఏ అపార్టుమెంటునకైనను పోయి చూడుడు. కార్యదర్శి యనునాయన ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి. సర్వసభ్య సమావేశమున తక్కినవారెల్ల తలలు వంచుకొనగా, కాదనలేక భారమును నెత్తికెత్తుకొన్నవాడు. ఆయనకు లెక్క వ్రాయుట తెలియును, ఓర్పు కొంత కలదు. పంపు ఏల వేడెక్కుచున్నదో తెలియదు. యథార్థముగా భవనమును నడుపువాడు వాచ్‌మను. పార్కింగు మూలనున్న గదిలో ఆలుబిడ్డలతో కాపురముండి, మోటారు వేయుట, ట్యాంకరును పిలుచుట, జనరేటరు నడుపుట, లిఫ్టు నడుమ నాగినపుడు తలుపు తెఱచుట, ఇవన్నియు నతని పనులే. పాలమూరునుండియో శ్రీకాకుళమునుండియో పొట్ట చేతబట్టుకొని వచ్చిన యా నిరుపేదను నిందించి లాభము లేదు. అతనికి ఎవరును ఏమియు చెప్పియుండలేదు.

మా పాఠకులలో ననేకులు గ్రామమున పొలమును, నగరమున ఫ్లాటును గలవారు. చెఱువు క్రింది ఆయకట్టునకు నీరు వదలు నీరటి పనిని తూము లెఱుగనివాని కెన్నడైన మన పెద్దలు అప్పగించిరా? పది యెకరముల మాగాణికి చూపిన యెచ్చరికను, పొలము వెలను మించిన వెల పెట్టి కొన్న ఫ్లాటునకు చూపకుండుట వింతగా నున్నది.

ఇందువలన కలుగు నష్టము కంటికి కనబడునది కాదు, అందుచేతనే సాగిపోవుచున్నది. నీటిసంగతియే చూతము. వెయ్యి లీటర్ల నీటిని రెండువందల మీటర్ల లోతునుండి పైకి తెచ్చుటకు, నడుమ నెట్టి నష్టమును లేకున్నను, అర యూనిటునకు పైగా విద్యుత్తు కావలయును. పంపు సామర్థ్యము నూటికి నలువది పాళ్లు మాత్రమే యైనచో నది 1.3 యూనిటులను మించును. అదే నీటిని క్రింది సంపునుండి ఇరువది మీటర్ల యెత్తుననున్న ట్యాంకునకు ఎక్కించుటకు అందులో పదియవ వంతు చాలును. కావున బోరునీరు ట్యాంకు నిండి పొరలిపోవుచున్న వేళ కాలువలో పడునది నీరు మాత్రమే కాదు. నీటిమట్టమును బట్టి పంపును తనంతట నాపు మీట యొకటి తగిలించిన నీ నష్టము చాలవఱకు తగ్గును. ఆ మీట చెడి యెన్ని నెలలైనదో యెవరికిని తెలియకుండుట మన భవనములలో సర్వసాధారణము.

దీపముల సంగతియు నిట్టిదే. మెట్లమీదను, పార్కింగులోను ఏబది పాత గొట్టపు దీపములు, చోకుతో కలిపి ఒక్కొక్కటి 50 వాట్ల చొప్పున, రాత్రి పండ్రెండు గంటలు వెలిగినచో నెలకు 900 యూనిటులగును. 20 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపములైనచో 360 యూనిటులు. ఈ కూడిక తీసివేతలు బడిపిల్లవానికిని వచ్చును. చేయుమని చెప్పువాడు లేడు.

ఇక పై అంతస్తువారి దుఃఖము వేఱు. వేసవిలో పగలెల్ల ఎండకు కాగిన కాంక్రీటు కప్పు రాత్రి యంతయు నా వేడిని గదులలోనికి వదలుచుండును. అట్టి గదిలో ఏ.సి. యంత్రము కప్పుతో పోరాడుచున్నదే కాని మనుష్యులను చల్లబఱచుట లేదు. తెలంగాణ ప్రభుత్వమువారు 2023 ఏప్రిల్ 3వ తేదీన చల్లని కప్పుల విధానము నొకదానిని ప్రకటించిరి. 2028 నాటికి రాష్ట్రమున 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండను త్రిప్పికొట్టునవిగా చేయవలయుననియు, 600 చదరపు గజములు మొదలు ఆపై స్థలములలో కట్టు నివాసములకు నిది విధిగా నుండవలయుననియు నందలి సంకల్పము. మిద్దెమీద తెల్లని సున్నపు గచ్చును చూచి పెరిగినవారికి ఈ శాస్త్రము క్రొత్తది కాదు. కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖవారు 2018 డిసెంబరులో వెలువరించిన ఎకో నివాస్ సంహిత, గోడలగుండను కిటికీలగుండను లోనికి వచ్చు వేడి చదరపు మీటరునకు 15 వాట్లను మించరాదని నిర్ణయించినది. ఇదియు ముదావహమే. అయితే ఇట్టి నిబంధనలు ముఖ్యముగా క్రొత్త కట్టడములను చూచునవి. ఇప్పటికే నిలిచియున్న పాత భవనములలో కాపురములు చేయుచున్నవారి మాట యేమి?

పాత భవనమును బాగుచేయుట క్రొత్తది కట్టుటకంటె తెలివితో చేయవలసిన పని. అందు వరుస ముఖ్యము. కప్పు కారుచున్నదేమో, లోపలి యినుము త్రుప్పు పట్టినదేమో మొదట చూడవలయును. పిదప నీరు దిగకుండ కట్టుదిట్టము చేయవలయును. ఆ పిదపనే తెల్లని పూత. సూర్యఫలకములు ఆ తరువాత. ఈ వరుస నెఱుగని గుత్తదారు సూర్యఫలకముల కాళ్లకై క్రొత్తగా వేసిన పొరకే రంధ్రములు పొడుచును. మఱుసటి వానకాలమున పై ఫ్లాటువాని పడకగదిలో బకెట్టు పెట్టవలసి వచ్చును. పూత పూసిన తరువాత దుమ్ము పట్టి తెలుపు తగ్గును. దానిని కడుగు దినము లెవరి పుస్తకమున నున్నవి? పడమటి కిటికీలకు ఎండ తగులకుండ చజ్జాయో తడికెయో యేర్పఱచిన పిమ్మట కాని, ఏ.సి. యెంతటిది కావలయునో తేల్చుట తగదు. మన అపార్టుమెంటులలో నీ పని తలక్రిందులుగా జరుగుచున్నది: మొదట యంత్రము, కడపట కప్పు.

తెలియక చేసిన బాగు ప్రాణాంతకము గూడ కావచ్చును. లండనులోని గ్రెన్‌ఫెల్ టవరునకు నవీకరణ పేరిట బయటిగోడలకు తొడిగిన పలకలు మంటను పైకి ప్రాకించినవి. 2017 జూన్ 14వ తేదీన 72 మంది మరణించిరి. అంత దూర మేల? 2023 నవంబరు 13వ తేదీన మన నాంపల్లి బజార్‌ఘాటులో, క్రింది అంతస్తున రసాయనములు నిలువయుంచిన నివాస భవనమున మంటలు లేచి తొమ్మండుగురు మడిసిరి. కార్ఖానాలును కాపురములును కలగలిసిన బాలానగరమువంటి చోట, మెట్ల క్రింద నేమున్నదో దినదినము చూచువాడొకడు ఉండనక్కఱ లేదా?

ఇతర దేశములవారు ఈ వృత్తిని వృత్తిగా గుర్తించి చాలకాలమైనది. లండనులో ఆక్టేవియా హిల్ అను విదుషి 1865లో పేదల యిండ్ల నిర్వహణమును చేపట్టి, అద్దె వసూలును, మరమ్మతును, మంచిమాటను ఒక్క చేతిమీదుగా నడుపు స్త్రీలను శిక్షణ మిచ్చి తయారుచేసెను. జర్మనీలో 2020 డిసెంబరున అమలులోనికి వచ్చిన చట్ట సవరణము, పరీక్షలో నెగ్గి యోగ్యతాపత్రము పొందిన నిర్వాహకుని కోరు హక్కును ఫ్లాటుల యజమానులకు ఒసంగినది. ఇంగ్లండులో 2023 నాటి చట్టము సాంఘిక గృహముల పెద్ద నిర్వాహకులకు విద్యార్హతను విధింప తలపెట్టినది. మనదేశమున 2001 నాటి విద్యుచ్ఛక్తి పరిరక్షణ చట్టము క్రింద శక్తి నిర్వాహకులకు జాతీయ పరీక్ష కలదు. అయితే అది పెద్ద కర్మాగారములను ఉద్దేశించి యేర్పడినది.

నిర్వాహకునకు చట్టము తెలియకుండుటవలనను నష్టము కలదు. స్థిరాస్తి నియంత్రణ చట్టము ప్రకారము, స్వాధీనము చేసిన తేదీనుండి ఐదేండ్లలోపల కట్టుబడి లోపములను తెలిపినచో కట్టినవారే ఉచితముగా సరిచేయవలయును. ఆ గడువు దాటిన పిదప మేల్కొని చందాలెత్తు సంఘములు లేకపోలేదు. 2024లో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకమున, గృహసంఘముల ఉమ్మడి సౌకర్యములకై పెట్టు సౌరవిద్యుత్తునకు కిలోవాటు ఒక్కింటికి 18,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఇరువది కిలోవాట్లకు 3,60,000 రూపాయలు. అయితే మూడేండ్ల లెక్కలు తేలక కార్యవర్గము రెండుగా చీలియున్న సంఘము తరఫున దరఖాస్తు పెట్టువారెవరు?

“విద్యుత్తు బిల్లు కిరాయిదారుది గదా, మాకేమి?” అని కొందఱు ఆస్తిదారు లనవచ్చును. ఈ వాదము మేము వినినదే. కాని కారు కప్పును, త్రుప్పుపట్టు కడ్డీలను కిరాయిదారు తనతో మూటగట్టుకొని పోడు. పై అంతస్తు ఫ్లాటు వేసవిలో కాలియగా, వచ్చినవాడు చూచి మరలిపోవునప్పుడు పోవునది యజమానుని కిరాయియే.

ఈ పని దుస్సాధ్యము కాదని మా దృఢవిశ్వాసము. బాలానగరపు శిక్షణాలయమున మోటారులు, యంత్రములు, వానిని నేర్పు ఆచార్యులు కలరు. 1998లో స్థాపితమైన జాతీయ నిర్మాణ అకాడమీ యీ నగరముననే యుండి కట్టడపు పనివారికి శిక్షణ మిచ్చుచున్నది. ఈ రెండును కలిసి మూడు నెలల సాయంకాలపు తరగతి నొకదానిని తెఱువవచ్చును. కార్యదర్శులకును, జీతపు నిర్వాహకులకును లెక్కలు, చట్టము, మరమ్మతు వరుస. వాచ్‌మనులకు తెలుగులోను, ఉర్దూలోను, హిందీలోను పంపు, మీటరు, లిఫ్టు, అగ్నిరక్షణము. బోధన నోటిమాటగాను, చేతిపనిగాను ఉండవలయునే కాని కాగితపు పరీక్ష కారాదు. చదివినవాని జీతము పెరుగవలయును. లేనిచో నేర్చినవాడు మఱియొక చోటికి పోవును, పోవుట న్యాయము గూడ. నలువది ఫ్లాటులవారు నెలకు ఏబదేసి రూపాయలు వేసికొన్నచో ఏటికి 24,000 రూపాయలగును. ఆ పెంపునకు మొదటి యేట నది చాలును. వాచ్‌మనుల రుసుమును నగరపాలక సంస్థవారు భరింపవలయును. స్త్రీలను తప్పక చేర్చుకొనవలయును. వాచ్‌మను భార్యయే సగము పని చేయుచున్నదని భవనమున నెల్లరకు తెలిసినదే.

కప్పుల పూత ఎండలు ముదురకముందే, ఫాల్గుణములోపల, ముగియవలయును. అంతకుముందు కప్పు పరీక్షకును, సంఘపు తీర్మానమునకును, గుత్తకును రెండు నెలలైన పట్టును. కావున మొదటి తరగతి దసరా వెళ్లిన వెంటనే ప్రారంభము కావలయును. అందుకు వలసిన ఉత్తరువు వానకాలము ముగియకమునుపే వెలువడవలయును.