అక్క నగలు దోచిన పాపన్న
బందిపోటా, వీరుడా? కథ తేల్చని తగవు

గోదావరిఖని: బొగ్గు బాయిల్లో పనికోసం కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి వచ్చినవారు మూటాముల్లెతోపాటు తమ ఊళ్ళ కథలను కూడా వెంట తెచ్చుకున్నారు. వాటిలో సర్వాయి పాపన్న కథ ఒకటి. భుజాన శారద, వేళ్ళకు అందెలతో కథకుడు నిలబడితే తల్లి సర్వమ్మ, కొడుకు పాపన్న ఇద్దరూ ఆయనే. కులవృత్తి విడవకు బిడ్డా అని తల్లి ఏడుస్తుంది. తాళ్ళెక్కి బతకను, గోలకొండ మీదికే పోతానంటాడు కొడుకు.

ఇది కల్పిత వేషం కాదు. పాపన్న నిజంగా బతికిన మనిషి. ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో ఆయన కోట నేటికీ ఉంది. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ మాత్రం ఆయనను దొంగగానే రాశాడు. ఆ రాతల ప్రకారం మొదటి దోపిడీ పరాయి ఇంట్లో జరగలేదు. భర్త పోయిన సొంత అక్క సొమ్ము, నగలు లాక్కుని, ఆ డబ్బుతో పాపన్న మనుషులను కూడగట్టాడు.

1708లో మొహర్రం రోజుల్లో వరంగల్ మీద పడి దోచుకున్నాడు. ఎందరో ఆడవాళ్ళను, పిల్లలను చెరపట్టాడు. 1709లో బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు 14 లక్షల రూపాయలు సమర్పించి గౌరవం పొందాడు. అయితే చెరలో ఉన్నవారి బంధువులు మొరపెట్టుకోగా పాదుషా మనసు మారింది, సైన్యం కదిలింది.

ఇంటివారే ఎదురు తిరిగారు

పాపన్న ఖైదులో సొంత బావమరిది కూడా ఉన్నాడు. ఆయన మొగలుల ఫౌజుదారు. పాపన్న భార్య భోజనంలో ఆకురాళ్ళు దాచి పంపగా ఖైదీలు సంకెళ్ళు కోసుకుని తిరగబడ్డారు. కోట చేజారింది. చివరకు హసనాబాదులో ఒక కల్లు అమ్మేవాడు పాపన్నను గుర్తుపట్టి ఆ బావమరిదికే కబురందించాడు. 1710లో పాపన్న తల తెగింది. ఆ ఊరు నేటి హుస్నాబాదేనని ఈ ప్రాంతంవారు నమ్ముతారు. అక్కడి ఎల్లమ్మ చెరువు పాపన్న తవ్వించినదేనని ప్రతీతి.

కథలో ముగింపు వేరు. శత్రువు చేతికి చిక్కకుండా పాపన్న తన ప్రాణం తానే తీసుకుంటాడు. దర్బారు చరిత్రకారుడు దొరల నష్టం లెక్క రాశాడు. కథకుడు మాత్రం తాడెక్కే బిడ్డ కోట కట్టిన సంగతి పాడాడు. ఎవరి బాధ వారిది.

1874లోనే బాయిల్ అనే ఇంగ్లీషువాడు ఈ పాటను సేకరించి అచ్చు వేయించాడు. 2022 నుంచి ఆగస్టు 18న రాష్ట్ర ప్రభుత్వం పాపన్న జయంతిని అధికారికంగా జరుపుతోంది. విగ్రహాలు లేస్తున్నాయి. శారద కథకులు మాత్రం తగ్గిపోతున్నారు.

విగ్రహం ముందు వీరుడొక్కడే కనిపిస్తాడు. తల్లి మాట, అక్క నగలు, భార్య పంపిన ఆకురాయి కనిపించవు. దండ వేసే రోజున పిల్లలకు ఆ సంగతులు కూడా చెబితే పాపన్న గొప్ప ఏమీ తగ్గదు. గొప్పవాడైనా ఇంటివారిని ఏడిపిస్తే ఏమవుతుందో వారికి తెలుస్తుంది.