ఫోన్ లాక్కుంటే ఆగని వేధింపు

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లల ఆన్‌లైన్ వేధింపుల ప్రస్తావన వస్తే మాటలు త్వరగా ఫోన్ దగ్గరికి చేరతాయి. ఏ వయసులో కొనివ్వాలి, రాత్రి ఎన్నింటికి తీసేసుకోవాలి, ఏ యాప్ ఉండకూడదు అన్నవే ప్రశ్నలు. అవి అడగదగ్గ ప్రశ్నలే. కానీ అక్కడితో ఆగిపోతే అసలు విషయం చేజారుతుంది. పిల్లల మధ్య వేధింపుల మీద యాభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధనను ఒకచోట పెట్టుకుని చూస్తే, అది తెర మీద పుట్టేది కాదని, రోజూ కలిసి చదువుకునే పిల్లల గుంపులో పుట్టేదని తెలుస్తుంది. పుట్టాక దాన్ని బతికించేది చుట్టూ ఉన్నవాళ్ల చూపు, నవ్వు, మౌనం. కాబట్టి వేధించే పిల్లవాడినీ, ఏడ్చే పిల్లవాడినీ మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చాలదు. మధ్యలో నిలబడ్డ మిగతా తరగతి మొత్తం లెక్కలోకి రావాలి. మన పిల్లల్లో ఎక్కువమంది ఉండేదీ అక్కడే.

ముందు ఫోన్ సంగతి. ఇంగ్లండ్‌లో 1,20,000 మందికి పైగా పదిహేనేళ్ల పిల్లల సమాధానాలను ప్రిజిబిల్‌స్కీ, బోస్ అనే ఇద్దరు పరిశోధకులు 2017లో విశ్లేషించారు. క్రమం తప్పకుండా వేధింపులకు గురవుతున్నామని చెప్పినవారు దాదాపు 30 శాతం. కేవలం ఆన్‌లైన్‌లో మాత్రమే వేధింపు ఎదుర్కొన్నవారు మాత్రం 406 మంది, అంటే ఒక శాతం కూడా కాదు. ఆన్‌లైన్‌లో బాధపడుతున్న మిగతావారందరికీ బడిలోనూ అదే బాధ ఉంది. 2008లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి జానా జువోనెన్, ఎలిషేవా గ్రాస్ ప్రచురించిన అధ్యయనమూ ఇటే చూపించింది. ఆన్‌లైన్ వేధింపు ఎదుర్కొన్న పిల్లల్లో 85 శాతం మందికి బడిలోనూ అది తప్పలేదు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎవరూ కోరుకోని రీతిలో దొరికింది. 2020 వసంతంలో కరోనాతో అమెరికా బడులు మూతబడ్డాయి, పిల్లలు పొద్దస్తమానం తెరలకు అతుక్కుపోయారు. వేధింపు ఫోన్‌లోనే పుట్టేదైతే సైబర్ బుల్లీయింగ్ అప్పుడు మిన్నంటి ఉండాలి. గూగుల్‌లో జనం వెతికిన పదాలను పరిశీలించిన ఆర్థికశాస్త్రవేత్తలకు దానికి విరుద్ధంగా కనిపించింది. బుల్లీయింగ్ గురించిన వెతుకులాటతో పాటు సైబర్ బుల్లీయింగ్ గురించిన వెతుకులాట కూడా సుమారు మూడో వంతు తగ్గింది. బడి మూతపడితే ఫోన్‌లో గొడవ కూడా సద్దుమణిగింది.

ఇక్కడ అంకెల గందరగోళం ఒకటి తీర్చుకోవాలి. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2022లో చేసిన సర్వేలో అమెరికా టీనేజర్లలో 46 శాతం మంది ఆన్‌లైన్ వేధింపు ఏదో ఒక రూపంలో ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నామన్నారు. అదే ఏడాది కేంద్ర విద్యా గణాంకాల ప్రకారం 12 నుంచి 18 ఏళ్ల విద్యార్థుల్లో బడిలో వేధింపుకు గురైనవారు సుమారు 19 శాతం. రెండూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు. మొదటిదానిలో జీవితంలో ఒక్కసారి ఎవరో పెట్టిన ఎగతాళి పేరు కూడా లెక్కకొస్తుంది. ఈ రంగానికి పునాది వేసిన డాన్ ఓల్వేయస్ నిర్వచనం ఇంకా బిగువైనది. ఆయన స్వీడన్‌లో పుట్టి నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1970ల మొదట్లోనే ఈ విషయం మీద పుస్తకం రాశారు. బాధపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి, మళ్లీ మళ్లీ జరగాలి, ఒకరి బలం ముందు మరొకరు నిలవలేని స్థితి ఉండాలి. ఈ మూడూ ఉంటేనే ఆయన దాన్ని వేధింపు అన్నారు. సమానుల మధ్య తగవు తగవే. పత్రికల్లో పెద్ద అంకె చూసి బెంబేలెత్తేవారికీ, ఇదంతా గోరంతలు కొండంతలు చేయడమేనని కొట్టిపారేసేవారికీ ఈ తేడా తెలియాలి.

ఇక అసలు మాట. ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టినా సాల్మివల్లి 1996లో తన సహచరులతో కలిసి, ఒక తరగతిలో వేధింపు జరుగుతున్నప్పుడు ఎవరెవరు ఏం చేస్తుంటారో వర్గీకరించారు. వేధించేవాడు, వాడికి చేయి అందించేవాడు, నవ్వి ప్రోత్సహించేవాడు, పక్కకు తప్పుకునేవాడు, బాధితుడి పక్షాన నిలిచేవాడు ఒకే తరగతిలో ఉంటారు. టొరంటో బడుల ఆటస్థలాల్లో కెమెరాలు, మైకులు పెట్టి డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ బృందం గమనించినదాన్ని బట్టి, నూటికి 88 వేధింపు ఘటనల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. వాళ్లు జోక్యం చేసుకున్నవి 19 శాతమే. అయితే జోక్యం చేసుకున్న ప్రతి పది సందర్భాల్లో సుమారు ఆరింటిలో వేధింపు పది సెకన్ల లోపే ఆగిపోయింది! పెద్దలు గంటలకొద్దీ ఇచ్చే ఉపన్యాసాలకు లేని బలం ఒక తోటి పిల్లవాడి మాటకు ఉంది. దీనికి కారణం వెతకడం కష్టమేమీ కాదు. వేధించే పిల్లలు చాలాసార్లు ఒంటరివాళ్లూ, కోపిష్టివాళ్లూ కారు. జువోనెన్ బృందం 2003లో చూపించినట్టు తరగతిలో వాళ్లకు మంచి హోదానే ఉంటుంది. నార్త్ కరోలైనా బడుల స్నేహవలయాలను పరిశీలించిన ఫారిస్, ఫెల్మ్లీ 2011లో మరో సంగతి కనిపెట్టారు. పలుకుబడి పెరిగేకొద్దీ పిల్లల దుడుకుతనమూ పెరుగుతోంది, అందరికన్నా పైనున్న కొద్దిమందిలో మాత్రం తగ్గుతోంది. అంటే ఇది పైకి ఎక్కడానికి వాడే నిచ్చెన. చూసేవాళ్లు లేకపోతే ఎక్కడానికి ఏమీ మిగలదు. గ్రూప్ చాట్‌లో ఒకరి ఫోటో మీద నవ్వుల ఎమోజీలు పెట్టే ముప్ఫై మందికి తాము ఏమీ చేయలేదనే అనిపిస్తుంది. వేధించినవాడికి కావలసింది మాత్రం ఆ ముప్ఫై ఎమోజీలే.

ఈ అవగాహనను పనిలో పెట్టిన ప్రయోగం మనవాళ్లు వేలల్లో ఉండే న్యూజెర్సీలోనే జరిగింది. ఎలిజబెత్ పలక్, ఆమె సహచరులు 56 మిడిల్ స్కూళ్లను తీసుకుని, వాటిలో లాటరీ పద్ధతిన సగం బడుల్లో కొద్దిమంది విద్యార్థుల బృందాలకు శిక్షణ ఇచ్చారు. ఏం తప్పు, ఏం ఒప్పు అని వాళ్లకు బోధించలేదు. తమ బడిలో ఏ గొడవలు నడుస్తున్నాయో వాళ్లనే గుర్తించమని, వాటికి వ్యతిరేకంగా ఏం చేయాలో వాళ్లనే తేల్చుకోమని అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ బడుల్లో గొడవల మీద నమోదైన క్రమశిక్షణ ఫిర్యాదులు 30 శాతం తగ్గాయి. తోటివారి కళ్లు ఎక్కువగా ఎవరి మీద ఉంటాయో ఆ పిల్లలు బృందంలో ఎక్కువమంది ఉన్నచోట ఫలితమూ ఎక్కువగా కనిపించింది.

“మేమూ పడ్డాం, బాగానే ఉన్నాం కదా” అనే అభ్యంతరం మన తరంలో బలంగా వినిపిస్తుంది. దాని వెనక కాలేజీ ర్యాగింగ్ జ్ఞాపకం ఉంది. ర్యాగింగ్‌కు ఒక గడువు ఉండేది. ఫ్రెషర్స్ పార్టీతో ముగిసేది, మరుసటి ఏడు బాధితుడే సీనియర్ అయ్యేవాడు. అది కూడా ప్రాణాలు తీసే స్థాయికి వెళ్లడం వల్లనే ఆంధ్రప్రదేశ్‌లో 1997లో నిషేధ చట్టం వచ్చింది. బడి పిల్లల వేధింపుకు గడువు లేదు, వంతు మారడం లేదు. బాగానే ఉన్నామనుకోవడం నిజమేనా అన్నదానికి బ్రిటన్ జవాబు చెప్పింది. అక్కడ 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను దశాబ్దాల పాటు వెంబడించి గమనిస్తున్నారు. వారిలో 7,771 మంది వివరాలను 2014లో తకిజావా, మాన్, ఆర్సెనో పరిశీలించారు. ఏడేళ్లప్పుడో, పదకొండేళ్లప్పుడో తరచు వేధింపు పడ్డవారికి నడివయసులో కూడా కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా ఉన్నాయి. చిన్ననాటి తెలివితేటలు, ఇంటి ఆర్థిక స్థితి, అప్పటికే ఉన్న మానసిక ఇబ్బందులు అన్నీ తీసివేసి చూసినా ఆ తేడా పోలేదు. తట్టుకున్నవారు చాలామందే ఉన్నారు. అయితే తట్టుకున్నవారే మాట్లాడతారు, మిగతావారి గొంతు మన సభల్లో వినపడదు.

ఇంకో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆన్‌లైన్‌లో పెట్టినది చెరగదు, రాత్రీ పగలూ వెంటాడుతుంది, ఇప్పుడైతే ఏ అమ్మాయి ముఖాన్నయినా నగ్నచిత్రంగా మార్చే పరికరాలు ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లో ఉన్నాయి, కాబట్టి ఇది పాత వేధింపు కాదంటారు. హాని తీవ్రత మారిన మాట ఒప్పుకోవలసిందే. అలాంటి బొమ్మల కోసమే 2025 మేలో అమెరికా ప్రభుత్వం టేక్ ఇట్ డౌన్ చట్టం తెచ్చింది. బాధితులు కోరిన 48 గంటల్లో వేదికలు వాటిని తొలగించాలి. కానీ ఆ బొమ్మను చేసినవాడు ఎక్కడో ఉన్న అపరిచితుడు కావడం కన్నా అదే బడిలో చదివేవాడు కావడమే ఎక్కువ. అందిన ప్రతి పిల్లవాడూ పంపాలా, ఆపాలా అని నిర్ణయించుకునే క్షణం ఒకటి ఉంటుంది. అక్కడికి చట్టం చేరలేదు.

వేధించినవాళ్లను బడి నుంచి పంపేస్తే సరిపోదా అంటే, సరిపోలేదు. కఠిన శిక్షే మందు అనుకున్న విధానాలను పరిశీలించిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం, వాటివల్ల బడులు మరింత సురక్షితమైనట్టు ఆధారం లేదని 2008లో తేల్చింది. అలాగని నివారణ కార్యక్రమాలూ అద్భుతాలు చేయవు. గాఫ్నీ, ఫారింగ్టన్, టోఫీ వంద మూల్యాంకనాలను కలిపి చూస్తే, వేధించడం 20 శాతం దాకా, వేధింపుకు గురవడం 15 శాతం దాకా తగ్గినట్టు తేలింది. నార్వేలో 1983 నాటి జాతీయ ప్రచారం బెర్గెన్ బడుల్లో వేధింపును దాదాపు సగానికి తగ్గించింది, తగిన తోడ్పాటు లేని రోగలాండ్‌లో అలాంటి ఫలితం రాలేదు. ఎనిమిదో తరగతి నుంచి పెద్దలు చెప్పే పాఠాల ప్రభావం దాదాపు శూన్యమని డేవిడ్ యేగర్ బృందం 2015లో తేల్చింది. ఆ వయసు పిల్లలకు పెద్దలు పాఠం చెప్పడమే చిరాకు. పోస్టర్లతో, ఒక్కరోజు సెమినార్‌తో పని కాదన్నది నా తీర్పు. మన తెలుగు సంఘాలు మాత్రం ఇప్పటిదాకా చేస్తున్నది ఎక్కువగా సెమినార్లే.

మరి ఇంట్లో ఏం చేయాలి? జువోనెన్, గ్రాస్ అధ్యయనంలో ఆన్‌లైన్ వేధింపు పడ్డ పిల్లల్లో 90 శాతం మంది పెద్దవాళ్లకు చెప్పలేదు. చెబితే ఇంటర్నెట్ ఆపేస్తారన్న భయం చాలామంది చెప్పిన కారణం. శిక్ష బాధితుడికే పడుతుందని తెలిశాక నోరెవరు విప్పుతారు? అందుకే చెప్పినందుకు ఫోన్ తీసుకోబోమన్న హామీ ముందే ఇవ్వాలి, ఇచ్చాక నిలబడాలి. నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా అన్న ప్రశ్నతో పాటు, మీ గ్రూప్‌లో ఎవరినైనా ఏడిపిస్తుంటే నువ్వేం చేశావని కూడా అడగాలి. మనవాళ్లు ఎప్పుడూ బాధితులే అనుకోవడం మనకు హాయిగా ఉంటుంది గానీ, పేరు పలకడం రాదని ఒకరిని ఎగతాళి చేసే గుంపులో తెలుగు పిల్లలూ ఉంటారు.

చట్టం కూడా కొంత తోడుంది. 2015లో మోంటానా చేరడంతో 50 రాష్ట్రాల్లోనూ బుల్లీయింగ్ వ్యతిరేక చట్టాలు వచ్చాయి. న్యూజెర్సీలో 2011 చట్టం ప్రకారం ప్రతి బడిలో దీనికొక నిపుణుడు ఉండాలి. ఫిర్యాదు అందిన ఒక బడి దినం లోపు విచారణ మొదలై, పది బడి దినాల్లో ముగియాలి. జాతి, పుట్టిన దేశం మీద సాగే వేధింపైతే 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద స్పందించడం ప్రభుత్వ నిధులు తీసుకునే బడుల బాధ్యత. మీ బడిలో ఫిర్యాదు ఎవరికివ్వాలో ఈ నెలలోనే కనుక్కోండి. సంఘ కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే ఏడు సెమినార్ వద్దు. యువజన విభాగంలో తోటివారు ఎవరి మాట వింటారో ఆ పిల్లలను పదిహేను మందిని పిలిచి, ఏం చేయాలో వాళ్లనే తేల్చనివ్వండి.