పూతరేకుల బండికి ఏ పూత?

మా ఆత్రేయపురంలో పూత అంటే, బోర్లించిన కుండ మీద, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డతో ఒక్క ఊపులో వేసే పూతే ఎవరికైనా గుర్తుకొస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులు ఆ పూతలోంచి పుట్టినవే. నేను వ్రాయబోయేది మాత్రం చెక్కకు వేసే పూత గురించి. ఈ రెండు పూతలూ ఒకే బండిలో ప్రయాణం చేయవలసి వస్తే కలిగే చిక్కు, రసాయన శాస్త్రం చదివేవాడికి ఎంత ఆసక్తికరమో, పూతరేకులు అమ్ముకొనేవాడికి అంత ప్రాణసంకటం.

మా చిన్నాన్న వరి, కొబ్బరి మీద వచ్చేది చాలక ఒక పాత చిన్న వ్యాను కొన్నాడు. లోపల ప్లైవుడ్డు గోడలు, అరలు బిగించి, మా అమ్మా పిన్నీ, వీధిలో మరో నలుగురు ఆడవాళ్లూ చుట్టే పూతరేకులు రావులపాలెం, రాజమండ్రి తీసుకెళ్లి అమ్మాలని ఆలోచన. పని పూర్తిచేసిన వడ్రంగి మేస్త్రీ "పాలిష్ ఏది కొట్టమంటారండీ?" అన్నాడు. చిన్నాన్న నావైపు తిరిగి, "బి.ఎస్సీ. వెలగబెడుతున్నావు కదరా, వాసన రానిదేదో నువ్వే చెప్పు. నెయ్యికి వాసన పట్టిందంటే పండగ బేరం గోదాట్లో కలిసినట్టే" అన్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. పాలిష్ వాసనకు కారణమైన సేంద్రియ పదార్థాలలో చాలా భాగం నీటిలో కరగవు, కొవ్వులో ఇట్టే కరుగుతాయి. గాలిలో తేలే ఆవిరి నెయ్యిని తాకిందా, అందులో దూరి అక్కడే కాపురం పెడుతుంది. ఈ గుణాన్ని మంచి పనికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో అత్తరు తయారుచేసేవాళ్లు గాజు పలకలకు కొవ్వు పూసి, దాని మీద మల్లెజాతి పూలు పరచి, పరిమళమంతా కొవ్వుకు పట్టించేవారు. పూతరేకులో నెయ్యి ముద్దగా ఉండదు గదా, కాగితంలాంటి పొరల మధ్య పలచగా పరుచుకొని ఉంటుంది. వాసన పట్టించాలని మనం పనిగట్టుకొని ఏర్పాటు చేసినా ఇంతకన్న బాగా కుదరదు!

ఇక బండి సంగతి. పన్నెండడుగుల చదరపు గది, పదడుగుల ఎత్తు అనుకోండి: 1440 ఘనపుటడుగుల గాలి. తలుపులు, కిటికీలు, బీరువా కలిపి పాలిష్ వేసిన చెక్క ఓ 150 చదరపుటడుగులు. మా వ్యాను లోపలి కొలత 7 అడుగుల పొడవు, 5 వెడల్పు, 6 ఎత్తు, అంటే 210 ఘనపుటడుగులే. గోడలు, కప్పు, అరలు కలిపితే చెక్క 240 చదరపుటడుగుల దాకా వచ్చింది. గాలికీ చెక్కకూ ఉన్న నిష్పత్తి గదిలో కంటే పదకొండింతలు. దానికి తోడు మా ఎండలు. మే నెలలో మూసి ఉంచిన బండి లోపల 60 డిగ్రీల సెల్సియస్ దాకా పోవడం వింత కాదు. పాలిష్ థిన్నరులో ఉండే టాలీన్ బాష్పపీడనం 30 డిగ్రీల దగ్గర సుమారు 37 మిల్లీమీటర్లు, 60 దగ్గర 139. దాదాపు నాలుగింతలు! కాబట్టి ఇంట్లో తలుపుకు వేసి "ఏ వాసనా లేదండీ" అన్న పాలిష్, బండిలోనూ అలాగే ఉంటుందని చెప్పలేం. ఇతర దేశాల్లో వ్యానులోనే మంచం, పొయ్యి అమర్చుకొని నెలల తరబడి తిరిగేవాళ్లకూ ఇదే బాధ. వాళ్లకు నెయ్యి బదులు సొంత ఊపిరితిత్తులు.

అసలు పాలిష్ వాసన రెండు రకాలు. డబ్బా మూత తియ్యగానే గుప్పుమనేది ద్రావణి వాసన. అది ఎగిరిపోయాక, ఆరిందనుకొన్న పొరలోంచి వారాలూ నెలలూ సన్నగా వచ్చేది రెండవది. జనం మొదటిదాన్ని చూసి భయపడతారు. మనం చూసుకోవలసింది రెండవదాన్ని.

ఈ కొలతతో చూస్తే మేస్త్రీ చెప్పిన రకాల్లో చాలావాటికి మార్కులు తగ్గాయి. నైట్రోసెల్యులోజు లక్కరు, వాడుకలో ఎన్.సి., అరగంటలో చేతికి అంటకుండా ఆరుతుంది గాని లోపల చిక్కిన థిన్నరు చాలా రోజులు ఊరుతూనే ఉంటుంది. మెలమిన్ పాలిష్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడు వదులుతుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలీయురితేను పూర్తిగా గట్టిపడ్డాక మంచిదే, కాని దాని హార్డెనరులోని ఐసోసయనేటులు కొట్టేవాడి ఊపిరితిత్తులకు ప్రమాదం. తగిన ముసుగు లేకుండా మా మేస్త్రీ చేత ఆ పని చేయించడం నాకు ఇష్టం లేకపోయింది. అవిసె నూనె సహజమైనది కాబట్టి మేలని చాలామంది నమ్మకం. అది ఆరడమంటే గాలిలోని ఆమ్లజనిని పీల్చి గట్టిపడడం. ఆ చర్యలోనే హెక్సనాల్ వంటి ఆల్డిహైడులు పుట్టి, పాత నూనె కంపు చాలాకాలం వదలదు. పైగా ఆ నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకొనే ప్రమాదం కూడా ఉంది. ప్రకృతి ఇచ్చినదల్లా వాసన లేనిదని ఎవరన్నారో!

"తక్కువ వాసన" అని డబ్బా మీద వ్రాసినంత మాత్రాన విడుదల తక్కువని అర్థం కాదు. వాసన తక్కువగా తెలిసే ద్రావణి వాడవచ్చు, లేదా పరిమళం కలిపి కప్పిపెట్టవచ్చు. లీటరుకు ఎన్ని గ్రాముల బాష్పశీల సేంద్రియాలు ఉన్నాయో అడగడం మేలు.

మిగిలినవి రెండు. ఒకటి లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల మీద చిన్న పురుగులు కట్టే ఈ పదార్థం మీద పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుంలో 1924లోనే సంస్థ వెలిసింది. మన ఏటికొప్పాక బొమ్మల మెరుపు దీనిదే. మందు బిళ్లల మీద, మిఠాయిల మీద కూడా పూస్తారు. స్పిరిట్‌లో కరిగించి పూస్తే గుప్పుమంటుంది, నిజమే, కాని స్పిరిట్ త్వరగా ఎగిరిపోతుంది, వెనక మిగిలేది స్వల్పం. దీని లోపం వేడి. 60 డిగ్రీలు దాటే బండిలో మెత్తబడి అట్టపెట్టెలకు అంటుకొంటుంది. రెండవది నీటితో కలిపిన పాలీయురితేను. నీరు ఆవిరయ్యేకొద్దీ సన్నని రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కొని పొర అవుతుంది. ద్రావణి కొద్దిగా ఉంటుంది. చెక్క పీచును లేపుతుంది కాబట్టి ఒకసారి సన్నని గరుకు కాగితంతో రుద్దాలి.

పుస్తకం మాటతో చిన్నాన్న ఒప్పుకోలేదు. ఆరు గాజు సీసాలు తెచ్చాను. ఒకదానిలో ఉత్త నెయ్యి. మిగతా అయిదింటిలో, చిన్న మూతలో చెంచాడు నెయ్యితో పాటు, అదే ప్లైవుడ్డు ముక్కలు: పూత లేనిది, ఎన్.సి. వేసినది, అవిసె నూనె రాసినది, లక్క వేసినది, లక్క మీద నీటి పాలీయురితేను వేసినది. పూతలు పదిహేను రోజులు ఆరాకే సీసాల్లోకి వెళ్లాయి. రెండు రోజులు డాబా మీద ఎండలో ఉంచి, చల్లారాక, సీసాలకు అంకెలు మాత్రం వేసి అమ్మకిచ్చాను. నెయ్యి విషయంలో అమ్మ ముక్కును మించిన పరికరం మా కళాశాలలో లేదు.

ఎన్.సి. దాన్ని మూత తియ్యగానే పక్కకు నెట్టింది. అవిసె నూనె సీసాకు "కాచిన నూనె నెలరోజులు నిలవుంచినట్టుందిరా" అంది. లక్కది "కొంచెం తేడా ఉంది". లక్క మీద పాలీయురితేను ఉన్నదీ ఉత్త నెయ్యీ చూసి "ఈ రెండూ ఒకటే కదా" అంది. నేను ఊహించనిది పూత లేని ముక్క. ఆ సీసా గాలికి కళ్లు చుర్రుమన్నాయి. మామూలు ప్లైవుడ్డును అతికించే యూరియా-ఫార్మాల్డిహైడు జిగురు వేడికీ తేమకూ విడిపోతూ ఫార్మాల్డిహైడు వదులుతుంది. మన జంతుశాస్త్ర ప్రయోగశాల వాసనే! 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. ఇది నెయ్యి కన్న నీటినే ఎక్కువ ఇష్టపడుతుంది, కాని బండిలో కూర్చొనే మనిషి కళ్లూ ముక్కూ తడిగానే ఉంటాయి గదా. కొత్తగా కొనేవాళ్లు ఫినాలు జిగురుతో చేసిన, ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డు తీసుకొంటే ఈ బెడద చాలా తగ్గుతుంది.

మా అరలు అప్పటికే బిగించేశారు. ఊడదీయించి, ఆరు ముఖాలకూ, ముఖ్యంగా కోసిన అంచులకు, లక్క పట్టించాం. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క రేకులు వేసి, కొన్ని రోజులు కదపకుండా ఉంచితే మైనం అడుగుకు దిగుతుంది. పై తేట మాత్రమే వాడాలి, మైనం ఉంటే పై పూత పట్టదు. స్పిరిట్ పనికి తలుపులన్నీ తెరవాలి, దరిదాపుల్లో బీడీ కూడా కాల్చకూడదు. దాని మీద రెండు పూతలు నీటి పాలీయురితేను. ఏప్రిల్లోనే ముగించాం. వానాకాలం గోదావరి గాలిలో నీటి పూత ఆరడం బహు నిదానం. తరవాత మూడు వారాలు మధ్యాహ్నం తలుపులు వేసి వేడెక్కనివ్వడం, సాయంత్రం బార్లా తెరవడం. చివరికి ఒక రాత్రి గిన్నెడు నెయ్యి లోపల పెట్టి తాళం వేశాం. తెల్లారి అమ్మ వాసన చూసి తలూపింది.

అంతా అయ్యాక మా చిన్నాన్న సరదాపడి, అద్దం దగ్గర వేలాడదీసే సెంటు సీసా ఒకటి కొనితెచ్చాడు. దాన్ని ఇప్పుడు పశువుల పాకలో కట్టారు.