తుపాకికి ముందు చెక్క

నల్లమల అంచున వున్న మా కంభం ప్రాంతంలో తుపాకి మాట రెండు సందర్భాలలో వినబడుతుంది. అడవిపందులు దిగి చేను కుళ్ళగించినప్పుడు ఒకటి. ఎన్నికలు వచ్చి, లైసెన్సుదారులు తమ తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించవలసి వచ్చినప్పుడు రెండవది. పందుల విషయంలో కూడా మాటే గాని చేత తక్కువ. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత, చేలో పడ్డ పందినైనా సరే, అనుమతి లేనిదే కాల్చరాదు. కనుక నేడు తుపాకి నలుగురి కంటా పడేది బ్యాంకు గుమ్మం దగ్గరే.

అలా గుమ్మం కాచే మాజీ సైనికులలో ఒకరు మా వీధివారే. అందరం ఆయనను హవల్దారుగారు అంటాము. తుపాకి ఆయన సొంతం, లైసెన్సు ఆయన పేర. అది వుంటేనే ఉద్యోగం. ఒక వేసవిలో ఆ తుపాకి ముందు చెక్క నిలువునా చీలింది. బాగయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. డ్యూటీ లేని రోజుకు జీతం లేదు. జానెడు కర్రముక్క ఒక కుటుంబం బియ్యానికి అడ్డుపడింది! ఆయన వెంట తిరిగి నేను తెలుసుకున్న సంగతులు చదువరులకు కొంత వింతగాను, కొంత ఉపయోగంగాను వుండవచ్చును.

చెక్క చేసే పని

భుజానికి ఆనే భాగాన్ని మడమ అంటారు. గొట్టం కింద ఎడమచేయి పట్టే భాగం ముందు చెక్క. కాలిన గొట్టం వేడి చేతికి తగలకుండా కాపాడడమే దాని పని అని చాలామంది అనుకుంటారు. నిజానికి అంతకన్నా పెద్ద పనే వుంది. 1875లో బర్మింగ్‌హాములో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతిలో తయారైన రెండు గొట్టాల తుపాకిలో, గొట్టాలను కిందికి వంచినప్పుడు లోపలి సుత్తులు ఎక్కేది ముందు చెక్కకు బిగించిన ఇనుము మీటలను నొక్కడం వల్లనే.

హవల్దారుగారిది పంపు తుపాకి. సైకిలు పంపును తలచుకుంటే సంగతి సులువుగా బోధపడుతుంది. ముందు చెక్కను వెనక్కి లాగితే కాలిన తూటా పక్కకు ఎగిరి పడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా, వించెస్టరు కంపెనీవారు 1893లోను, దానిని మెరుగుపరచి 1897లోను అమ్మిన తుపాకులతో ఈ పద్ధతి పేరుకెక్కింది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 ప్రపంచమంతా పాకింది. మన దేశంలో తిరుచిరాపల్లి ఆర్డ్‌నెన్సు ఫ్యాక్టరీలో కూడా 12 బోరు పంపు తుపాకులు తయారయ్యాయి.

ఈ 12 ఏమిటని పిల్లలు అడుగుతారు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కొక్క గుండు ఎంత లావు వుంటుందో గొట్టం రంధ్రం అంత వెడల్పన్నమాట; దాదాపు 18.5 మిల్లీమీటర్లు.

టేకా, అక్రోటా?

హవల్దారుగారు మొదట తెలిసిన వడ్రంగి దగ్గరకు వెళ్ళారు.

“ఆచారీ, టేకుతో ఇట్లాంటిదే ఒకటి చెక్కిస్తావా?”

ఆ ముసలాయన చీలిన ముక్కను తిప్పి తిప్పి చూశాడు. “చెక్కడం ఎంతసేపు హవల్దారుగారూ! టేకు తలుపుకి దేవుడు. దెబ్బకి మాత్రం ఈన వెంబడి చీలుతుంది. అయినా తుపాకి పని నేను ముట్టుకోను. లైసెన్సున్న వాళ్ళ దగ్గరికే పొండి.”

ఆయన మాట రెండు విధాలా సరైనదే. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతును వృత్తిగా చేయడానికి లైసెన్సు కావాలి. ఇక కర్ర సంగతి: ప్రపంచమంతటా తుపాకులకు పేరుపడ్డది అక్రోటు కర్ర. బరువు తక్కువ, అదురుకు ఓర్చుకుంటుంది; ఎండకూ వానకూ అంతగా వంకర తిరగదు. మన జిట్రేగి అందమైనదే కాని బరువు. ఈ రోజుల్లో గాజునార కలిపిన ప్లాస్టిక్కువి కూడా వచ్చాయి. అవి ఉబ్బవు, చీలవు. అందం కావలసినవారు కర్ర, నిశ్చింత కావలసినవారు ప్లాస్టిక్కు ఎంచుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా పైన అడ్డగీతలు వుండాలి. మా ఎండలలో చెమటపట్టిన చేయి నున్నటి చెక్కమీద జారుతుంది. గీతలున్న దానిని అమెరికావారు “మొక్కజొన్న కంకె” అంటారట. చూస్తే అలాగే వుంటుంది.

అంగుళం తెచ్చిన చిక్కు

ఇంతలో స్నేహితుడొకాయన తన పాత తుపాకి చెక్క ఇచ్చాడు. పైకి అచ్చం అలాగే వుంది. లైసెన్సున్న దుకాణంలో తొడిగించి లాగితే, తూటా సగం బయటకు వచ్చి ఇరుక్కున్నది! కారణం పొడవు. చెక్క ఒక అంగుళం ఎక్కువ కావడంతో, పూర్తిగా వెనక్కి రాకముందే దాని అంచు తుపాకి పెట్టెకు తగిలి ఆగిపోతున్నది. అవసరానికి అలా జరిగితే గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి గతి ఏమిటి?

అందుచేత కొలవవలసినది పాత చెక్కను కాదు, దాని లోపలి ఇనుప గొట్టాన్ని. ఒకే కంపెనీ, ఒకే పేరుగల తుపాకులలో కూడా ఆ గొట్టం పొడవు ఏడాదిని బట్టి, రకాన్ని బట్టి మారుతుంది. దాని పొడవు, లావు, ముందు బిగించే నట్టు మర, ఈ మూడూ కుదిరితేనే కొనాలి.

మసి పరీక్ష

దుకాణం పనివాడు మొట్టమొదట తూటాలన్నీ తీసి, గొట్టం మొదట్లో కంటితో చూసి, వేలుపెట్టి తడిమి, ఖాళీ అని నిర్ధారణ చేసుకున్నాడు. తరువాత అక్రోటు చెక్కను తొడిగి, ఇనుప కడ్డీలకు దీపపు మసి పలచగా రాసి, నాలుగుసార్లు ఆడించాడు. విప్పి చూస్తే చెక్క లోపల రెండు చోట్ల మసి అంటింది. అంటిన చోట మాత్రమే ఆకురాయితో కాస్త కాస్త తీశాడు. మళ్ళీ మసి, మళ్ళీ ఆట. మసి అంటడం మానేదాకా ఇదే తంతు. తొందరపడి ఎక్కువ తీస్తే చెక్క లొడలొడలాడుతుంది. తీసినదాన్ని తిరిగి అతికించలేము.

ఆ తరువాత లోపలా బయటా అవిసె నూనె పట్టించి ఆరబెట్టాడు. చాలామంది పైన మెరుగు పెట్టి లోపల మరచిపోతారట; చెమ్మ చేరేది అక్కడే, చీలిక మొదలయ్యేదీ అక్కడే. నట్టును కూడా చెక్క కదలనంత వరకే బిగించాలి. బలమంతా చూపితే కొత్త చెక్క కూడా పాతదాని దారే పడుతుంది. చివరకు మందులేని ఉత్తుత్తి తూటాలతో పదిసార్లు లాగి తోశాడు. పదీ శుభ్రంగా బయట పడ్డాయి.

హవల్దారుగారు మరునాడే డ్యూటీలో చేరారు. ఇంట్లో తుపాకి వున్నవారు దానిని తాళంలోను, తూటాలను వేరే తాళంలోను వుంచుకోవడం మరవకూడదు. ఏడాదికొకసారి ముందు చెక్కను కూడా లైసెన్సున్న పనివాడి చేత విప్పించి చూపించుకోవాలి. తుపాకి అనగానే అందరి చూపూ గొట్టం మీదే. దాన్ని నమ్ముకుని బతికే మనిషికి ఆధారం మాత్రం చేయి పట్టే చెక్కే.