చక్రం తిరిగింది సరే.. లెక్క చెప్పగలరా?

ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ‘బైక్ స్పీడ్ డేటా లాగర్’ కొత్తదేం కాదు. ఏటా బ్యాచ్‌కి ఒకరిద్దరు చేస్తూనే ఉంటారు. కొందరు కిట్ కొని తెచ్చి బిగించేస్తారు కూడా. చిక్కంతా ఇంటర్వ్యూలో వస్తుంది. ‘ఈ సెన్సరే ఎందుకు తీసుకున్నారు? సిగ్నల్ వైరును దేనికి కలిపారు?’ అని అడిగితే నోరు పెగలదు. వాహన పరీక్షల రంగంలోకి వెళ్లాలనుకునేవారికి ఈ రెండు ప్రశ్నలే అసలు పరీక్ష. పుణెలోని ఏఆర్ఏఐ అయినా, పీథంపూర్‌లోని నాట్రాక్స్ ట్రాక్ అయినా, అక్కడి పని మొదలయ్యేది నమ్మదగిన కొలతతోనే.

ముందు సెన్సర్ సంగతి. సాధారణంగా మూడు దారులున్నాయి. రెండు వైర్ల మ్యాగ్నెటిక్ పికప్‌కు కరెంటు ఇవ్వనక్కర్లేదు గానీ, చక్రం నెమ్మదిగా తిరిగితే సిగ్నల్ మరీ సన్నగా వస్తుంది. దాన్ని సరిచేసే సర్క్యూట్ విడిగా కావాలి. మొదటి ప్రాజెక్టుకు వద్దనే చెబుతాను. హాల్ సెన్సర్ చవక, బండి పాక్కుంటూ వెళ్లినా పనిచేస్తుంది. అయితే చక్రానికి అయస్కాంతాలు అతికించాలి. చాలా రకాలు అయస్కాంతం ఒక ధ్రువానికే స్పందిస్తాయి. తిరగేసి అతికించి, సెన్సర్ పాడైందనుకుని మరోటి కొనేవాళ్లు బోలెడుమంది!

మూడోది ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్. దీనికి అయస్కాంతం అక్కర్లేదు, బ్రేక్ డిస్క్‌ను పట్టి ఉంచే ఇనుప బోల్టుల్నే చూసి లెక్కపెడుతుంది. దుమ్మూ బురదా తట్టుకుంటుంది. బైక్‌కి నా ఓటు దీనికే. 4 మి.మీ. రేంజి అని రాసి ఉన్నా 2 మి.మీ. దూరంలో బిగించండి. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే రేంజి ఇంకా తగ్గుతుంది. బండికి ఏబీఎస్ ఉంటే దాని సెన్సర్ వైరు నుంచే సిగ్నల్ లాగుదామన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. అది బ్రేకులకు సంబంధించిన వైరు.

ఇక వైరింగ్. ఈ సెన్సర్లలో బ్రౌన్ ప్లస్, బ్లూ గ్రౌండ్, బ్లాక్ సిగ్నల్. ఎన్‌పీఎన్ రకమైతే బోల్టు ఎదురుగా వచ్చినప్పుడు బ్లాక్ వైరును గ్రౌండ్‌కు లాగుతుంది. మిగతా సమయంలో ఆ వైరును పైకి పట్టి ఉంచడానికి పుల్-అప్ రెసిస్టర్ కావాలి. బోర్డులు కాలేది ఇక్కడే. కొన్ని సెన్సర్లలో పుల్-అప్ లోపలే ఉండి, బ్లాక్ వైరు మీద నేరుగా 12 వోల్టులు వచ్చేస్తాయి. ఈఎస్‌పీ32 పిన్ను తట్టుకునేది 3.3 వోల్టులే. అందుకే బోర్డుకు కలపకముందే మల్టీమీటర్‌తో బ్లాక్, బ్లూ మధ్య కొలవండి. 12 కనిపిస్తే మధ్యలో ఆప్టోకప్లర్ పెట్టండి. ఇంజిన్ నడుస్తుంటే బండి సప్లై 14 దాకా పోతుంది కాబట్టి ఫ్యూజు, బక్ కన్వర్టర్ తప్పనిసరి.

బండి స్టాండు మీదే ఉంది, ఇంజిన్ ఆన్ చేయగానే లాగర్ 140 చూపిస్తోందా? కోడ్ జోలికి పోకండి. సెన్సర్ వైరు స్పార్క్ ప్లగ్ వైరు పక్కనుంచి వెళ్తోందేమో చూడండి. దూరంగా జరపండి. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌ను ఒక చివరే గ్రౌండ్ చేయండి.

తర్వాత లెక్క. టైరు మీద, నేల మీద సుద్దతో గీత పెట్టి, మనిషి కూర్చుని ఉండగా బండిని పది చుట్లు తోయండి. టేపుతో కొలిచి పదితో భాగించండి. 1.9 మీటర్లు వచ్చిందనుకుందాం. బోల్టులు సమాన దూరంలో 5 ఉంటే ఒక్కో పల్స్‌కు 0.38 మీటర్లు. 60 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 44 పల్సులు. సెకనులో పదోవంతుకొకసారి పల్సులు లెక్కిస్తే ఒకసారి 4, ఒకసారి 5 వస్తాయి. అంటే 60లో స్థిరంగా వెళ్తున్నా గ్రాఫ్ 55కీ 68కీ మధ్య గెంతుతుంది. పల్సుల్ని కాకుండా పల్సుకూ పల్సుకూ మధ్య సమయాన్ని మైక్రోసెకన్లలో కొలిస్తే ఈ గెంతులు పోతాయి. ఎందుకలా కొలిచారో చెప్పగలిగితే, సగం ఇంటర్వ్యూ మీ చేతిలో ఉన్నట్టే.

మెమరీ కార్డు ఒక్కోసారి రాయడానికి వంద మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది. కాబట్టి ఇంటరప్ట్‌లో సమయం మాత్రమే నోట్ చేసుకుని, కార్డు మీద రాయడం బయట లూప్‌లో పెట్టండి.

చివరగా కాలేజీ గ్రౌండ్‌లో ఒకే వేగంతో నడిపి జీపీఎస్ మాడ్యూల్‌తో పోల్చండి. చవక మాడ్యూళ్లు మామూలుగా సెకనుకు ఒక్క రీడింగే ఇస్తాయి, కాబట్టి బ్రేకు వేసినప్పటి పోలికకు అవి పనికిరావు. రెండు గ్రాఫులూ ఒకే కాగితం మీద ప్రింట్ తీసి ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. కాలిపోయిన బోర్డు ఉంటే అదీ ఫైల్లో పెట్టుకోండి. అది ఎలా కాలిందో చెప్పమని తప్పకుండా అడుగుతారు.