మన రోగములకు మన పరిశోధకులు

ఉద్దానమున కిడ్నీ జబ్బు కనిపింపసాగి యిప్పటికి సుమారు ముప్పది యేండ్లైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో వయోజనులలో ఇంచుమించు ఐదుగురికొకరు ఈ వ్యాధికి లోనైనట్లు 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. కారణము నీరా, నేలా, ఎండలో చాకిరియా, పురుగుమందులా, వంశమున వచ్చు దౌర్బల్యమా, లేక వీనిలో కొన్ని కలసియా యన్నది నేటికిని నిర్ణయము కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. మందిరము లేచినందులకు మేమును సంతసించితిమి. ఐనను పరిశోధన చేయునవి గోడలు కావు, మనుష్యులు. ఆ మనుష్యులను తయారుచేయు ఏర్పాటేదియని మేము ప్రశ్నించుచున్నాము.

ఇది ఉద్దానమొక్కదాని మాట కాదు. 2022లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో, సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండలయందు, సవరలు, జాతాపులు మొదలగువారిలో సికిల్ సెల్ వ్యాధి కలదు. తల్లిదండ్రులిరువురును ఈ లోపమును మోయువారైనచో, ప్రతి కానుపునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొకవంతు అవకాశమున్నది. 2047 నాటికి దీనిని నిర్మూలింపవలెనని కేంద్రప్రభుత్వము 2023 జూలై 1న ఒక ఉద్యమమును ఆరంభించి, దేశమున 7 కోట్లమందిని పరీక్షింప సంకల్పించినది. పరీక్ష చేసి చీటి యిచ్చుట సులభమే. ఆ చీటిలోని యర్థమును పెండ్లికి ముందే వధూవరులకు, వారి పెద్దలకు, వారికి తెలిసిన మాటలలో విప్పిచెప్పు వైద్యుడు కావలదా?

కొండవారి సంగతియేకదాయని మైదానపు గృహస్థులు ఊరకుండరాదు. మేనరికము మన యిండ్లలోనిదే. సామాన్యముగా నూరుగురు శిశువులలో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో తీవ్రలోపము లుండును. మేనత్త మేనమామ బిడ్డల వివాహములలో ఈ యపాయము సుమారు రెట్టింపగును. మేనమామ మేనకోడండ్ర వివాహమున రక్తసామీప్యము ఇంకను రెండింతలు. ఐనను అట్టి దంపతులలో పెక్కుమందికి ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుచున్నారు. కావున జనులను భయపెట్టుటయు తగదు, నిజమును దాచుటయు తగదు. లెక్క తెలిసిన వైద్యుడు ఆయా కుటుంబముల వృత్తాంతమును విచారించి నిదానముగా చెప్పవలెను.

ఆంధ్రుల మేనరికములను శాస్త్రరీతిని పరిశోధించిన తొలివారిలో పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగా రొకరు. సుప్రసిద్ధ ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హాల్డేను 1957లో స్వదేశమును వీడి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చినప్పుడు, కృష్ణారావుగారు ఆయనకు శిష్యులైరి. గురువు భారతపౌరుడై 1964లో భువనేశ్వరమున కన్నుమూసెను. శిష్యుడు అమెరికాలోని హూస్టను నగరమున స్థిరపడెను. గురువు మన దేశమునకు రాగా శిష్యుడు పరదేశమునకేగుట చింతింపదగిన విషయము. ఇట్టి వలసలకు వ్యక్తులను నిందించి ప్రయోజనము లేదు. పట్టము పుచ్చుకొన్న యువకునకు పనియు, పరికరములును, జీవనాధారమును చూపనంతకాలము మన మేధావులు తరలిపోవుచునే యుందురు.

ఆ 1957లోనే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విక్టర్ మెకుసిక్ అను హృద్రోగవైద్యుడు వైద్య జన్యుశాస్త్ర విభాగమును నెలకొల్పెను. వైద్యపట్టము పొందినవారిని చేర్చుకొని, రోగులను చూచుటయు, వంశవృక్షములను వ్రాయుటయు, ప్రయోగశాలలో పనిచేయుటయు ఒక్కచోటనే నేర్పెను. అక్కడ తరిఫీదైనవారు దేశదేశములయందు ఈ శాస్త్రమునకు ఆచార్యులైరి. ఒక్క విభాగము చేసిన పని యిది.

మనకును సాధనములు లేకపోలేదు. హైదరాబాదులోని నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్రమున డి.ఎం. చదువు కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున మానవ జన్యుశాస్త్ర విభాగమున్నది. కేంద్ర జీవసాంకేతిక శాఖయు, బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టును కలసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్సు, వైద్యులకును శాస్త్రజ్ఞులకును పరిశోధక వేతనము లొసగుచున్నది. శ్రీకాకుళము, విజయనగరములలో ప్రభుత్వ వైద్యకళాశాలలును, నెల్లిమర్లలో మిమ్స్ కళాశాలయు కలవు. లేనిదెల్ల వీనిని కలుపు వంతెనయే.

కావున మా సూచన యిది. ఏటేట ఎం.డి. ముగించిన ఇద్దరు వైద్యులకును, పిహెచ్.డి. ముగించిన ఇద్దరు శాస్త్రజ్ఞులకును మూడేండ్లపాటు వేతనమీయవలెను. మొదటి యేడు హైదరాబాదునను విశాఖపట్టణమునను విద్య నేర్చి, తక్కిన రెండేండ్లును పలాసలోను సీతంపేటలోను పనిచేయవలెను. శిక్షణ ముగిసినంతనే మన కళాశాలలలో వారికి స్థిరమైన యుద్యోగ ముండవలెను. రక్తమిచ్చిన పల్లెకు పరీక్షాఫలితము తప్పక చేరవలెను. రైతు ఋణము తీర్చినట్లు పరిశోధకుడును తన ఋణము తీర్చవలసినదే.

ఇందుకు సర్కారునే నమ్మి కూర్చుండనేల? 1857లో వెలసిన పాఠశాల మహారాజా కళాశాలగా పెరిగినది. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారి ఆధ్యక్ష్యమున విజయనగరమున సంగీత కళాశాల వెలసినది. ఇవి విజయనగర సంస్థానాధీశుల వదాన్యతా ఫలములు. సంగీతమునకు సింహాసనము వేసిన గడ్డ ప్రాణరక్షణకు పీటయైన వేయలేదా? మన భూస్వాములు, వర్తకులు, విదేశములనున్న మన బిడ్డలు కలసి ఒక నిధిని కూర్చినచో, నలుగురు పరిశోధకుల వేతనము భారము కాదు. పల్లెలు రక్తమిచ్చుచునే యున్నవి. ధనమిచ్చువంతు పట్టణములది.